బాబాయ్ కార్డు మీద భోజనం

మా బాబాయ్ గంగరాజు నెలకి రెండుసార్లు విమానమెక్కుతాడు. చూస్తే మాత్రం ఎవరూ అనుకోరు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చంకలో తోలు సంచి. కలిదిండిలో ఆయనవి చేపల చెరువులు. పట్టిన చేపలు ఐసు పెట్టెల్లో లారీ మీద గౌహతి పోతాయి, వాటి వెనకాల ఈయన విమానంలో పోతాడు. "ఎదురుగా కూర్చుని టీ తాగితే గానీ మనిషి అబద్ధమాడుతున్నాడో లేదో తెలీదురా" అంటాడు. నేను ఇంజినీరింగ్ మధ్యలో మానేసి ఊరి మీద తిరుగుతుంటే, వీడికి హిందీ వచ్చు కదా అని నన్ను వెంటేసుకెళ్ళడం మొదలుపెట్టాడు.

విమానాల మీద బాబాయ్‌కి బోలెడు అభిప్రాయాలున్నాయి, అన్నీ గట్టిగానే చెబుతాడు. కప్పులో ఎండు ఉప్మా పోసి, పైన వేడినీళ్ళు పోసి ఇచ్చిన అమ్మాయితో, "అమ్మా, మా వైపు పెళ్ళిలో ఇలా వడ్డిస్తే వంటవాణ్ణి కొల్లేట్లో తోసేస్తారు" అన్నాడు. ఆ అమ్మాయికి తెలుగు రాదు. నవ్వి ఇంకో కప్పు ఇచ్చింది. నూనె ఉందని ఆవకాయ సీసా సెక్యూరిటీ వాళ్ళు పక్కన పెట్టేసిన రోజున, "మీరు తినండి, ఫరవాలేదు. పారేస్తే మాత్రం ఊరుకోను" అని వాళ్ళ చేత మాట తీసుకున్నాకే కదిలాడు. గౌహతి లాంజ్‌లో చేపల కూర మూత తీసి, ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మన వైపుదేరా. మనకంటే ముందొచ్చి మనకే వడ్డనైపోయింది, పాపం" అన్నాడు.

లాంజ్ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. ఎయిర్‌పోర్టులోనే మెత్తటి సోఫాలు వేసిన హాలు. కొన్ని బ్యాంకు కార్డులు చూపిస్తే లోపలికి పంపిస్తారు, కావలసింది పెట్టుకుని తినడమే. నా కార్డు మీద నేనొక్కణ్ణే వెళ్ళాలి. బాబాయ్ కార్డు పెద్దది, ఆయనతో పాటు మరో ఇద్దర్ని రానిస్తారు. మొన్న అల్పపీడనం పట్టినప్పుడు ఆ ఇద్దరితోనే వచ్చింది చిక్కు.

గౌహతి నుంచి వస్తూ హైదరాబాదులో దిగాం. గన్నవరంలో గాలివాన, విమానం ఎప్పుడు కదులుతుందో చెప్పలేమన్నారు. గేటు దగ్గరికి వెళ్తూ బాబాయ్ టక్కున ఆగి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎదురుగా కుర్చీల్లో సూర్యప్రకాశరావు గారూ, ఆయన భార్య రత్నాంబ గారూ కూర్చుని ఉన్నారు.

వాళ్ళది తాడేపల్లిగూడెం. వరి పొలాలు, రైసుమిల్లు. వాళ్ళబ్బాయి వంశీకి బాబాయ్ కూతురు సింధూరిని చూసి వెళ్ళి నెలైంది. పిల్లలిద్దరికీ నచ్చింది, ఫోన్లు కూడా నడుస్తున్నాయి. పెద్దాయనే తేల్చలేదు. సింధూరి చేపల పెంపకం మీద డిగ్రీ చేసి ల్యాబ్‌లో పనిచేస్తోంది. నీళ్ళు పరీక్ష చెయ్యడానికి స్కూటర్ మీద చెరువు గట్లంట తిరుగుతుంది. రావు గారికి గుబులల్లా అదే. కోడలు గట్లంట తిరగడమేంటి? "కాశీ వెళ్ళొచ్చి చెబుతామండి" అన్నాడు. ఆ కాశీ నుంచే వస్తున్నారిప్పుడు. ఈ నెల్లాళ్ళూ ఫోను మోగితే చాలు, బాబాయ్ ఉలిక్కిపడుతున్నాడు.

"ఏవండోయ్, ఇక్కడ కూర్చున్నారేంటండీ! లోపల భోజనాలు పెడుతున్నారు, రండి" అని బాబాయ్ ఇద్దర్నీ లాంజ్‌లోకి తీసుకెళ్ళాడు. సాంబారు వాసనకి రావు గారి మొహం వెలిగింది. ప్లేటు తీసుకున్నాడు. మర్యాదకి అడిగాడు:

"బిల్లు ఎక్కడ కట్టాలండీ?"

"బిల్లేంటండీ, నా కార్డు మీదే. మీరు నా చుట్టాలని చెప్పాను."

రావు గారు ప్లేటు మెల్లగా యథాస్థానంలో పెట్టేశాడు. "అయితే వద్దండి."

మా వైపు ఇదో పట్టింపు. పెళ్ళిచూపులకి వెళ్తే స్వీటూ హాటూ తిని కాఫీ తాగుతారు, అంతే. సంబంధం ఖాయమయ్యేదాకా పిల్ల వారింట అన్నం ముట్టరు. వాళ్ళన్నం తిన్నాక వాళ్ళని కాదనడం తప్పని.

"ఇది మా ఇల్లు కాదు కదండీ!" అన్నాడు బాబాయ్.

"ఇల్లు మీది కాదు గానీ, కార్డు మీదే కదండీ. అన్నం మీదే అవుతుంది. మేం బయట ఏదో కొనుక్కుంటాం లెండి."

బాబాయ్ మొహం మాడిపోయింది. "నేనుండగా మీరు కొనుక్కు తినడమేంటండీ? రేపు కలిదిండిలో తలెత్తుకోగలనా?"

అదీ సంగతి. ఆయన లోపల తినడు, ఈయన బయట తిననివ్వడు. చుట్టాలు తినకుండా తాను తినకూడదు కాబట్టి బాబాయ్ కూడా పస్తే. చుట్టూ జనం రెండోసారి, మూడోసారి వడ్డించుకుంటుంటే వీళ్ళు ముగ్గురూ కాఫీ కప్పులు పట్టుకుని వానల గురించి మాట్లాడుకున్నారు. నేను మాత్రం తిన్నాను. బాబాయ్ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

విమానం ఇంకా ఆలస్యమని బోర్డు మీద పడింది. రత్నాంబ గారు భర్త వైపు వంగింది.

"ఏవండీ, నాకు చెయ్యి వణుకుతోందండీ. పొద్దున షుగర్ బిళ్ళ వేసుకున్నాను."

"బిస్కెట్టు తిను."

"కాశీలో బిస్కెట్టే, విమానంలో బిస్కెట్టే. నేను మనిషినా, మిల్లు దగ్గర కుక్కనా?"

"అమ్మా, మీరు తినండి" అన్నాడు బాబాయ్. "దీన్ని సంబంధం కింద పట్టుకోను. వెంకన్న మీద ఒట్టు."

"కుదరదండి. తిన్నాక తిన్నట్టే" అన్నాడు రావు గారు.

"ఆవిడ కళ్ళు తిరిగి పడిపోతే ఇంక ఏ సంబంధం మాట్లాడతారండీ?" అన్నాను నేను. బాబాయ్ నా తొడ మీద గిల్లాడు.

అప్పుడే సింధూరి ఫోన్ చేసింది. చుట్టూ గోల, వినపడక బాబాయ్ స్పీకర్ నొక్కాడు.

"నాన్నా, బయల్దేరారా? నేను జ్ఞానయ్య గారి చెరువు దగ్గరున్నాను. మబ్బు పట్టి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయింది. చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు వేయించాను. మీరు తిన్నారా?"

బాబాయ్ నసుగుతూ నసుగుతూ సంగతి చెప్పాడు.

"ఫోను రావు గారికివ్వండి. ఏవండీ, ముందు ఆవిడకి పెరుగన్నం పెట్టండి. వద్దనుకుంటే తిన్నాక వద్దనండి, మేమేం అనుకోం. వంశీ గారంటే నాకు ఇష్టమే. ఈ పని మాత్రం మానను. అయ్యో, ఇక్కడ ఒక మోటారు ఆగిందండీ, ఉంటాను."

ఫోను ఆగిపోయింది. బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. సంబంధం పోయిందనే అనుకున్నాడు, నేనూ అలాగే అనుకున్నాను.

రావు గారు కాఫీ కప్పు కింద పెట్టి, "ఆ జ్ఞానయ్య మీకేమవుతాడండీ?" అన్నాడు.

"ఏమీ అవడండీ. ఒక్క చెరువే ఆయనకి."

"చేపలు దక్కుతాయా?"

"ఇది వెళ్ళింది కాబట్టి దక్కుతాయండీ. లేకపోతే పొద్దున్నకి అన్నీ వెల్లకిలా తేలేవి."

"మావాడున్నాడు" అన్నాడు రావు గారు. "వాన పడుతుంటే ధాన్యం మీద బరకం కప్పమని కాశీ నుంచి నేను ఫోన్ చెయ్యాలి."

ఆ మాట అని భార్య వైపు తిరిగాడు. కుర్చీ ఖాళీ. రత్నాంబ గారు ఎప్పుడు లేచిందో, వడ్డన బల్ల పక్కనే కూర్చుని పెరుగన్నంలో బంగాళాదుంప వేపుడు నంజుకుని తింటోంది.

"ఏమే!"

"నేను భోంచేశానండీ" అంది ఆవిడ నమిలి మింగి. "నా వరకూ ఖాయం. కాఫీ తాగుతూ కూర్చుంటారో, మగపెళ్ళివారిలా భోంచేస్తారో మీ ఇష్టం."

రావు గారు లేచాడు. కండువా సర్దుకున్నాడు. బాబాయ్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పదండి బావగారూ, ఆకలి దంచేస్తోంది."

మా వైపు వియ్యంకుణ్ణి అలాగే పిలుస్తారు. బాబాయ్ రెండు చేతులతో ప్లేటు తీసి ఆయనకిచ్చాడు, తన ప్లేటు తీసుకోవడం మర్చిపోయాడు. నేనే తెచ్చిచ్చాను.

తినడం మొదలెట్టాక ఇద్దరికీ మాటలే మాటలు. పప్పులో ఉప్పు లేదని ఒకరు, వంకాయ పుచ్చని ఒకరు. వంటని అంత తిడుతూనే మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నారు. పెళ్ళి ద్వారకా తిరుమల కొండ మీదని సాంబారు దగ్గర తేలిపోయింది. భోజనాల్లో చేప ఉండాలా వద్దా అన్నది తేలలేదు.

ఇంతలో గన్నవరం విమానానికి రమ్మని పిలిచారు.

"బాబాయ్, లే. పిలుస్తున్నారు."

"బావగారు ఇంకా పెరుగు దాకా రాలేదురా. తింటున్న వియ్యంకుణ్ణి లేపమంటావా? నువ్వు పోయి గేటు దగ్గర నిలబడు."

పోయి నిలబడ్డాను. అందరూ ఎక్కేశారు. గేటు దగ్గరున్న అమ్మాయి మైకులో ముగ్గురి పేర్లూ నానా రకాలుగా విరిచి పిలిచింది. చివరికి వచ్చారు. ముందు రత్నాంబ గారు చకచకా, వెనక పంచెలు ఎగ్గట్టి ఇద్దరు పెద్దమనుషులు ఆయాసపడుతూ.

ఆ అమ్మాయి ఇంగ్లీషులో కోప్పడుతూనే ఉంది. బాబాయ్ ఆవిడకి నమస్కారం పెట్టాడు.

"కొత్త చుట్టరికం తల్లీ, కాస్త ఓర్చుకో."