జర్రా అడవిలో జర్ర బ్రేకు

విమల గారూ, ముందుగా ఒక సవరణ. కిందటి పోస్టు కింద మీరు రెండు మాటలు రాశారు. కొండల్లో, అడవుల్లో సైకిలు తొక్కాలంటే ఫ్రాన్సుకే వెళ్ళాలన్నది మొదటిది. ఈ-బైక్ ఎక్కితే మనం తొక్కేదేమీ ఉండదు, సోఫాలో కూర్చున్నట్టే అన్నది రెండోది. మీ అల్లుడు మిమ్మల్ని ఫ్రాన్సు పల్లెల్లో తిప్పి పెట్టిన ఫోటోలన్నీ చూశాను. చాలా బాగున్నాయి. అన్నిట్లోనూ సైకిలు గోడకి ఆనించే ఉంది. హారిస్‌డేల్‌లో మా ఇంటి నుంచి, ఆ మాటకొస్తే పియారా వాటర్స్‌లో మీ ఇంటి నుంచి కూడా, కారులో ముప్పావుగంట పోనిస్తే జర్రాడేల్ వస్తుంది. కొండలున్నాయి, అడవి ఉంది, వీసా అక్కర్లేదు. ఇక మీ రెండో మాట ఎంత తప్పో నా మోకాళ్ళు ఇప్పటికీ చెబుతున్నాయి.

అసలు ఈ ప్రయాణం నా సరదా కోసం మొదలవలేదు. మా మనవరాలు మేఘన ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఇప్పుడు ఇయర్ టెన్, అంటే పదో తరగతి. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో జవాబు చెబుతుంది, ఇద్దరికీ అర్థమవుతుంది. అవుతుందనే ఈ ప్రయాణం దాకా అనుకున్నాను. కొండదారుల్లో సైకిలు తొక్కడమంటే దానికి ప్రాణం. చలికాలంలో స్నేహితులతో జర్రాడేల్ వెళ్ళి, ఒక గులకరాళ్ళ వాలులో పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది, డాక్టరు తొక్కొచ్చన్నారు. సైకిలు మాత్రం గరాజ్‌లోనే ఉండిపోయింది. అంతకుముందు ఎప్పుడూ గరాజ్ లోంచే ఇంట్లోకి వచ్చే పిల్ల, ఆ తర్వాత ముందు తలుపు బెల్లు కొట్టి రావడం మొదలుపెట్టింది. అది మా అమ్మాయి లత గమనించలేదు. నాకు పొద్దస్తమానం వేరే పనేముంది కనక, నేను గమనించాను.

ఒకరోజు లత ఆ సైకిలుని ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టేసింది. ‘చాలా తక్కువ వాడినది’ అని కూడా రాసింది. ఆదివారం సాయంత్రం ఒకతను చూడ్డానికి వస్తానన్నాడు.

“దాన్ని అడిగినవా?” అన్నాను.

“అడిగిన అమ్మా. ‘వాటెవర్’ అన్నది. ముట్టతలేదు, తొక్కతలేదు. ఊకె జాగ ఆపుడెందుకు, షెల్ఫ్ పెట్టుకుందమని గోడకు సైకిల్ తగిలిచ్చే హుక్ కూడ పీకిపిచ్చిన.”

హన్మకొండలో ఏళ్ళ తరబడి ఆడపిల్లలకి ఫిజిక్సు చెప్పినదాన్ని. ‘వాటెవర్’ అంటే వద్దని కాదు, ఇంకోసారి అడగమని. అందుకని నేను ఇంకో రకంగా అడిగాను. ఆదివారం పొద్దున ఈ-బైక్ అద్దెకి మాట్లాడుకున్నానని, అడవిలో నాకు తోడు కావాలని చెప్పాను.

“అమ్మమ్మా, యూ ఆర్ సిక్స్‌టీ ఎయిట్.”

“అందుకే గదనే తోడు అడుగుతున్న.”

చాలాసేపు ఫోను చూసుకుంది. “ఓన్లీ ద ఓల్డ్ రైల్వే బిట్. నో డౌన్‌హిల్. ప్రామిస్?”

ప్రామిస్ చేశాను. నిజాయితీగానే చేశాను.

ఆదివారం ఏడింటికి, మేఘన సైకిలు కూడా కారులో వేసుకుని బయల్దేరాం. ఆర్మడేల్ దగ్గర ఒక దుకాణంలో బండి అద్దెకి తీసుకున్నాం. అర పూటకి వంద డాలర్ల లోపు. హెల్మెట్టు, కారు వెనక సైకిళ్ళు తగిలించే స్టాండు అందులోనే. వసంతంలో రెండు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పుకోండి, లేకపోతే దొరకదు. ఆ కాలంలోనే మాగ్‌పై పక్షులు గూళ్ళు కట్టుకుని, సైకిలు మీద వెళ్ళేవాళ్ళ నెత్తి మీదకి దూకుతాయి. అవి దగ్గరికి రాకుండా హెల్మెట్టుకి ప్లాస్టిక్ కేబుల్ టైలు నిక్కబొడిచేలా కడతారు. అద్దంలో చూసుకుంటే ముళ్ళపంది నన్ను చూసి జాలి పడేలా ఉన్నాను. దుకాణంలోని గడ్డపాయన బండి దించుతూ, “ఫస్ట్ టైమ్, డార్ల్?” అన్నాడు. లేడీస్ సైకిలు మీద ఏళ్ళకేళ్ళు కాలేజీకి వెళ్ళానన్నాను. “నో వర్రీస్. సేమ్ థింగ్,” అన్నాడు. పాతిక కిలోల బరువున్న బండిని పట్టుకుని ‘సేమ్ థింగ్’ అన్న ఆ మనిషిని నేను ఇంకా క్షమించలేదు.

అక్కణ్ణించి సౌత్ వెస్టర్న్ హైవే మీద కొంత దూరం వెళ్ళి, ఎడమవైపు జర్రాడేల్ రోడ్డు ఎక్కితే కొండ మొదలవుతుంది. ఊరు చిన్నది. ఒకప్పుడు కలప కోసి రైలు మీద పంపించేవారట. ఆ పట్టాలు తీసేసిన దారే ఇప్పుడు సైకిలు దారి. కారు అక్కడ ఉచితంగానే పెట్టుకోవచ్చు. రైలు నడిచిన దారి కనక ఎక్కుడు మెల్లగానే ఉంటుంది. రెండు పక్కలా నల్లటి బెరడుతో నిటారుగా జర్రా చెట్లు, కింద పసుపుపచ్చ పూల పొదలు, పైన కీచుమంటూ నల్ల కాకటూ చిలకలు. గాలిలో యూకలిప్టస్ వాసన. ఇదంతా నేను మొదటి పది నిమిషాలే చూశాను. ఆ తర్వాత నా కళ్ళకి నా ముందు చక్రం తప్ప ఏమీ కనపడలేదు. బండి కదలదు. మేఘన అంత దూరాన పోతోంది.

“జర్ర... జర్ర...” అన్నాను ఆయాసంతో.

మా ఓరుగల్లు వైపు అది అన్నిటికీ పనికొచ్చే మాట. కొంచెం అని, కాస్త ఆగమని, దయచేసి అని, సందర్భాన్ని బట్టి. మేఘన వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపింది.

“యా అమ్మమ్మా, ఆల్ జర్రా. దట్ బిగ్ వన్ ఈజ్ మర్రి.”

మర్రి! తల ఎత్తి చూశాను. మర్రికి ఉండాల్సిన లక్షణం ఒక్కటీ లేదు. ఇక్కడి అడవుల్లో ఆ పేరుతో వేరే చెట్టుందని నాకు తర్వాత తెలిసింది.

“మర్రేందే? ఊడలేవి?”

“వాట్స్ ఊడలు?”

ఆ పాఠం చెప్పడానికి నాకు ఊపిరి లేదు. దిగి నిలబడ్డాను. మేఘన వెనక్కి వచ్చి, నా హ్యాండిల్ వంక చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “అమ్మమ్మా! యూ హావెన్ట్ టర్న్‌డ్ ఇట్ ఆన్!” మీట నొక్కింది, చిన్న లైటు వెలిగింది. సాయం పెంచే ప్లస్ గుర్తుని నేను ఇంకో మూడుసార్లు నొక్కాను. విమల గారూ, మీ రెండో మాటకి జవాబు ఇక్కడుంది. ఈ-బైక్ తనంతట తాను పోదు. తొక్కితేనే సాయం చేస్తుంది, ఆపితే అదీ ఆపేస్తుంది. కాబట్టి ఆ తర్వాత జరిగిన దానికి బండిది తప్పని నేను చెప్పలేను. నేను ఆపలేదు. నా జన్మలో ఎప్పుడూ ఎత్తు మీదకి అంత వేగంగా పోలేదు. అంత బాగుంది.

వెనక నుంచి “లెఫ్ట్! అమ్మమ్మా, లెఫ్ట్!” అని కేకలు. రైలు దారి ఎడమకి తిరిగిందట, నేను తిన్నగా పోతున్నానట.

“జర్ర ఆగవే!” అని అరిచాను.

“ఫర్‌గెట్ ద ట్రీస్!” అని అది ఇంకా గట్టిగా అరిచింది.

దారి ఒక గుట్ట నెత్తికి చేరాక గానీ నేను ఆగలేదు. మేఘన మొహం ఎర్రగా చేసుకుని, నన్ను తిట్టడానికి నోరు తెరుస్తూ వచ్చింది. కిందికి దిగే వాలు కనపడగానే ఆ నోరు మూతపడింది. శనగ గింజలంతేసి గుండ్రటి ఎర్ర రాళ్ళు, ఎవరో లారీడు తెచ్చి ఒలకబోసినట్టు. నాకు చెప్పక్కర్లేకపోయింది.

“ఇదేనా?”

“యా.”

ఒక మొద్దు మీద కూర్చున్నాం. ఫ్లాస్కులో టీ, సర్వపిండి తీశాను. అడవిలోకి సర్వపిండిని మించింది లేదు, నలగదు, కారదు, ఒంటి చేత్తో తినొచ్చు. కాసేపయ్యాక అన్నాను, “ఇంత మొత్తుకున్న, జర్ర జర్ర అని. ఆగవైతివి.”

“వెయిట్. జర్ర మీన్స్ స్టాప్?”

“కొంచెం ఆగు అని. చెట్లెందుకు చూపిస్తివే? నాకు కనవడుతలెవ్వా?”

టీ ముక్కులోకి పోయేంత నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు చివర్లో, నా వంక చూడకుండా చెప్పింది. “ఐ జస్ట్ గ్రాబ్‌డ్ ద ఫ్రంట్ బ్రేక్. లైక్ ఎ బిగినర్. ఎవ్రీవన్ సా.”

దాన్ని ఆపింది విరిగిన ఎముక కాదన్నమాట. చూసిన కళ్ళు. ఇంకో ముక్క సర్వపిండి ఇచ్చాను.

“వీ గో బ్యాక్ ద సేమ్ వే,” అంది.

“పద,” అన్నాను, మాట ఇచ్చాను కదా.

నేను బండిని వెనక్కి తిప్పబోయాను. పాతిక కిలోలు, సన్నటి దారి, కాళ్ళ కింద శనగలు. ముందు చక్రం వాలు వైపుకి ఒరిగింది, దానితో పాటు నేనూ. రెండు బ్రేకులూ పట్టుకునే, నిలబడే, జర్రున కిందికి జారాను. ఆగేసరికి మేఘన నా తలకంటే చాలా ఎత్తున ఉంది. పైకి నెడదామంటే అడుగు వేస్తే అడుగున్నర జారుతోంది. ఘర్షణ సూత్రాన్ని నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో, అది ఆ రోజు ఒక్కసారీ అక్కరకు రాలేదు. కావాలనే చేశానా అని మీరు అడుగుతారని తెలుసు. అంత నటన వచ్చుంటే కాలేజీలో ఎందుకు మగ్గిపోతాను?

“డోన్ట్ మూవ్!” అని పైనుంచి అరుపు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. నేను తల తిప్పి చూడలేని స్థితి. చివరికి రాళ్ళ చప్పుడు వినిపించింది. మెల్లగా, ఒకే తీరుగా. సైకిలు మీద కూర్చునే, నా పక్కనుంచి దిగి, నాలుగు గజాల కింద ఆగింది.

“వాకింగ్ ఈజ్ వర్స్. ఎక్కు.”

‘ఎక్కు’ అని తెలుగులోనే అంది. ఎక్కాను.

“సిట్ బ్యాక్. ఎల్బోస్ లూజ్. చక్రం చూడొద్దు, లుక్ ఎట్ మీ. ఓకే? బ్యాక్ బ్రేక్ ఓన్లీ. జర్ర.”

అది ముందు, నేను వెనక. తల సగం వెనక్కి తిప్పి చెబుతూనే ఉంది. “జర్ర బ్రేక్. జర్ర... గుడ్. లెట్ ఇట్ రోల్. జర్ర లెఫ్ట్! నో నో, జర్ర!” రాళ్ళు చక్రాల కింద పళ్ళు కొరికినట్టు చప్పుడు చేశాయి. బండి వెనక భాగం రెండుసార్లు తన దారిన తాను పోబోయింది. నేను మాత్రం ఆ పిల్ల వీపు మీంచి చూపు తియ్యలేదు. నేల గట్టిపడ్డాక గానీ ఊపిరి పీల్చిన గుర్తు లేదు.

మేఘన దిగి, వెనక్కి తిరిగి, ఆ వాలుని కింది నుంచి పైదాకా చూసింది. “ఇట్స్ నాట్ ఈవెన్ దట్ స్టీప్,” అంది కోపంగా, అన్నాళ్ళూ ఎవరో తనని మోసం చేసినట్టు.

ఊళ్ళో చిన్న దుకాణంలో కాఫీ, మన కర్రీ పఫ్ లాంటి పాలకూర ‘పై’ తీసుకున్నాం. కౌంటర్ దగ్గరావిడ, “హౌ వజ్ ద రైడ్, లవ్?” అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపు మేఘన అందుకుంది. “షీ మిస్‌డ్ ద టర్న్. సో వీ డిడ్ ద గ్రావెల్ డ్రాప్.” ‘వీ’ అంది. నేను ‘పై’ ఇంకో ముక్క కొరికాను.

అద్దె బండి అప్పగించి ఇల్లు చేరాం. మేఘన రిమోట్ నొక్కి, గరాజ్ తలుపు లేపి, సైకిలు నడిపించుకుంటూ అటునుంచే లోపలికి వెళ్ళింది. కాసేపటికి కొనేవాడు వచ్చాడు. పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. ఫ్రేము నిండా ఎర్ర దుమ్ము, చక్రం ఊచల్లో గడ్డిపరకలు చూసి ఫోను తీశాడు. “యాడ్ సేస్ హార్డ్‌లీ యూజ్డ్?”

లత నావైపు ఉరిమి చూసి, “మేఘనా, జర్ర కడిగి పెట్టద్దా?” అంది.

“సారీ మేట్, యాడ్ ఈజ్ రాంగ్,” అంది మేఘన, సీటు మీద చెయ్యి వేసి. “ఇట్స్ యూజ్డ్. ఐ యూజ్ ఇట్.”

అతను నవ్వేసి వెళ్ళిపోయాడు. లత కూతురి మొహం చూసి, లోపలికి వెళ్ళి టీ పెట్టింది. నా కప్పులో చక్కెర ఎక్కువ పడింది. మా ఇంట్లో క్షమాపణలు, అభినందనలు అన్నీ అలాగే వస్తాయి.

ఆ రాత్రి కాళ్ళకి నూనె రాసుకుంటూ ఆలోచించాను. ఆ వాలు గురించి నేను దానికి ధైర్యం చెప్పి ఉంటే ‘వాటెవర్’ అనేది. పొగిడి ఉంటే గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. నన్ను కిందికి దించాల్సిన అవసరం వచ్చింది కనక దిగింది. పుట్టినప్పటి నుంచి దానికి తెలుగు నేర్పాలని నేను పడ్డ పాట్లలో ఏదీ ఆ ఒక్క వాలు నేర్పినంత నేర్పలేదు. ఒక్క మాటే నేర్చుకుంది, నిజమే. కానీ దాన్ని ఎక్కడ ఎంత వాడాలో సరిగ్గా నేర్చుకుంది. ఇక మీకు అక్కరకొచ్చే సంగతి ఒకటి: ఆ గులకరాళ్ళ దారికి వెళ్ళేముందు టైర్లలో గాలి తగ్గించమని అద్దె దుకాణంలోనే చెప్పండి, పట్టు దొరుకుతుంది. మరీ తగ్గించకండి. జర్ర.

విమల గారూ, మీ వారు ప్రతి ఆదివారం హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళేది గుమ్మం ముందు అమ్మే సాసేజి కోసమేనని మనందరికీ తెలుసు. ఈసారి లోపలికి కూడా వెళ్ళమనండి. మాకు గోడకి సైకిలు తగిలించే హుక్కులు రెండు కావాలి, స్క్రూలతో సహా. ఒకటి మామూలుది చాలు. రెండోది మాత్రం పాతిక కిలోలు ఆపగలిగేది అయ్యుండాలి.