ఐదింటికి తెగే లైను

స్తంభంగారికి పొద్దున్నే ఒక పనుంది. బూట్లు వేసుకునే ముందు సంచిలో సామానంతా మంచం మీద పరిచి, ఒక్కొక్కటే చేత్తో తాకి, మళ్లీ అదే వరసలో సర్దుకుంటారు. వైరు కత్తెర, ఒలిచే కత్తి, టార్చి, మూడు రకాల పిన్నులు, టేపు చుట్ట. "రాత్రికి రాత్రి అవేమన్నా పిల్లల్ని పెట్టాయా?" అని ఆయన భార్య రోజూ అడుగుతుంది. ఆయన రోజూ సంచి భుజాన వేసుకుని బూట్ల కోసం వెళతారు.

ఇళ్లకి ఇంటర్నెట్ లైన్లు వేసే కంపెనీలో ఆయన మెకానిక్. వయసు యాభై ఆరు. అంతకుముందు ఇరవై రెండేళ్లు టెలిఫోను స్తంభాలెక్కారు. మనిషి పొడుగు, మాట తక్కువ. ఆఫీసులో ఎవరో సరదాకి పెట్టిన పేరు అలాగే స్థిరపడిపోయింది. ఆయనకి తెలిసిన సూత్రం ఒకటే: లైను పోయిందంటే వైరులో ఎక్కడో జబ్బుంది. అది పట్టుకునేదాకా తీగ లాగుతూ పోవాలి. ముప్పై ఏళ్లలో ఆ సూత్రం ఆయన్ని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. లెక్కల టీచరు ఇంట్లో మాత్రం పెట్టింది.

ఆ టీచరు పనిచేసిన బడి మూతపడింది. రెండేళ్లు ఖాళీగా ఉన్నాక ఒక ట్యూషన్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నరదాకా ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ముప్పైమంది పిల్లలకి పాఠం చెప్పాలి. మొదటిరోజు నుంచీ అదే వరస. పాఠం మధ్యలో ఆవిడ బొమ్మ బిగుసుకుపోతుంది, గొంతు ముక్కలవుతుంది, కాసేపటికి లైనే పోతుంది. ఆరున్నర దాటాక అంతా బంగారంలా నడుస్తుంది.

స్తంభంగారు మొదటిసారి వెళ్లి గోడలోంచి వచ్చే వైరు కొస మార్చారు. రెండోసారి వైఫై పెట్టెనే మార్చేశారు. రెండుసార్లూ పొద్దున పదింటికే వెళ్లారు. రెండుసార్లూ తన ఫోనులో స్పీడు చూసి, "ఇక ఢోకా లేదమ్మా" అన్నారు.

"మీరున్నంతసేపూ బాగానే ఉంటుందండీ" అంది టీచరు మెల్లగా.

ఆవిడ అత్తగారు అంత మెల్లగా అనలేదు. ఆస్పత్రిలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి, హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. "డాక్టరు గుమ్మంలో కాలుపెట్టగానే జ్వరం తగ్గిపోయే పిల్లలుంటారు బాబూ. వాళ్లని నమ్మి ఇంటికి పంపామో, తెల్లారేసరికి మళ్లీ తెచ్చి పడేస్తారు" అంది.

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. గురువారం టీచరు మూడోసారి ఫోను చేసింది. శుక్రవారం పాఠానికి కంపెనీ పర్యవేక్షకురాలు కూడా తెర మీదికి వచ్చి కూర్చుంటుందట. ఇప్పటికే తల్లిదండ్రులు రెండుసార్లు ఫిర్యాదు చేశారు. ఇంకోసారి లైను పోతే ఆ క్లాసు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఉత్తరం పంపారట. ఉద్యోగంలో చేరి పదహారు రోజులు.

ఆయన డ్యూటీ నాలుగింటికి అయిపోతుంది. శుక్రవారం ఇంటికి పోకుండా, నిచ్చెన స్కూటరుకి కట్టి ఉండగానే నేరుగా టీచరు ఇంటికి వెళ్లారు. పెట్టె ఉన్న ముందుగదిలో ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. టీచరు లోపలి గదిలో కంప్యూటరు తెరిచింది. ఆవిడ భర్త లిఫ్టులు బాగుచేస్తాడు; అప్పుడే పని నుంచి వచ్చి, అలికిడి కాకుండా కాళ్లు కడుక్కుంటున్నాడు. ఐదు కొట్టేసరికి ఇల్లంతా గుసగుసల్లోకి దిగింది.

"పిల్లలూ, నిన్న భిన్నాల దగ్గర ఆగాం కదా" అని లోపల్నుంచి వినబడింది. తర్వాతి మాట సగమే వచ్చింది. ఒక పిల్ల గొంతు, "టీచర్, మీరు నోరు తెరిచి ఆగిపోయారు" అంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు కూడా మధ్యలో తెగింది.

స్తంభంగారి చెయ్యి అలవాటుగా సంచిలో కత్తెర మీదికి పోయింది. కానీ ఆ వైరు కొస ఆయన మార్చిందే, మొన్ననే. దానికి జబ్బు లేదని ఆయన చేతులకి తెలుసు. కత్తెర వదిలి, ఫోనులో పెట్టె లెక్కలు చూపించే పేజీ తెరిచారు. కొత్తగా చేరినవాళ్లు చూస్తారే గాని, ఆయన దాని జోలికి ఎప్పుడూ పోలేదు. అందులో రెండు గీతలున్నాయి. ఇంట్లోకి వచ్చే గీత నేల మీద పాకుతోంది. ఇంట్లోంచి వెళ్లే గీత పైకప్పుని తాకి అక్కడే నిలబడిపోయింది.

"అమ్మా, ఇంట్లో ఎవరన్నా ఏమన్నా పంపుతున్నారా?" అన్నారు గొంతు తగ్గించి.

"ఎవరు పంపుతారు బాబూ? కోడలి క్లాసు మొదలైందంటే ఈ ఇంట్లో ఫోను ముట్టుకునే దమ్ము ఎవరికుంది? ఐదయ్యేసరికి అన్నీ తెచ్చి నా ట్రేలో పడెయ్యాల్సిందే." ఆవిడ గర్వంగా అలమారవైపు చూపించింది.

స్టీలు ట్రేలో మూడు ఫోన్లు బోర్లా పడుకుని ఉన్నాయి. మూడూ చార్జింగులో ఉన్నాయి.

ఆయన ఒకటి చేతిలోకి తీసుకున్నారు. వేడిగా ఉంది. తిప్పి చూస్తే, అరవై ఒక్క వీడియోల్లో నాలుగు భద్రపరచడం పూర్తయిందని ఉంది.

"ఇదెవరిది?"

"నాదే" అన్నాడు భర్త. "బాగుచేసిన ప్రతి లిఫ్టుకీ వీడియో తియ్యాలండీ. బ్యాటరీ తినెయ్యకుండా, చార్జింగులో పెట్టినప్పుడే అవి ఇంటర్నెట్‌లోకి పోయి భద్రమయ్యేలా పెట్టాను. మా ఇద్దరివే కాదు, అమ్మదీ అలాగే." అంటూనే తల్లి ముఖం చూశాడు.

స్తంభంగారు మూడు ప్లగ్గులూ పీకేసి, ఫోన్లని ఇంటి వైఫైలోంచి తీసేశారు. నిమిషంలోపే పైకప్పు గీత కిందికి జారింది. లోపల ముక్కలైన టీచరు గొంతు మళ్లీ అతుక్కుంది. "క్షమించండి మేడమ్, మళ్లీ మొదలుపెడతాను" అని పర్యవేక్షకురాలితో చెప్పి, ఆగకుండా పాఠంలోకి వెళ్లిపోయింది.

అత్తగారు కుర్చీలో కూలబడింది. "అంటే పదహారు రోజులుగా నా చేత్తో నేనే రోగం ఎక్కిస్తున్నానన్నమాట."

"ఎక్కించింది మీరు కాదమ్మా. ఈ లైనులో ఇంటికి వచ్చే దారి రోడ్డంత, బయటికి వెళ్లే దారి సందంత. టీచరుగారి బొమ్మ, గొంతు ఆ సందులోంచే పోవాలి. అందులోకి మూడు లారీలు దూరాయి."

"మరి పిల్లల మాటలు కూడా ఆగిపోయేవేం?" అన్నాడు భర్త.

"అందిందని ఇక్కణ్నుంచి కబురు వెళితేనే అక్కణ్నుంచి తర్వాతది కదులుతుంది. ఆ కబురూ సందులోనే ఇరుక్కుంది." ఆయన ఒక్క రోజులో అన్ని మాటలు మాట్లాడటం అరుదు. పీకిన తీగలు చుట్టి పెడుతూ, "రెండుసార్లు పొద్దున్నే వచ్చి బాగుందని చెప్పి పోయింది నేను. తప్పు నాదే" అన్నారు.

"సర్లే బాబూ. రాత్రి జ్వరానికి పగలు మందిచ్చిన డాక్టర్లని ఎంతమందిని చూళ్లేదు" అంది పెద్దావిడ.

వీడియోలు పొద్దున తొమ్మిదింటికి పోయేలా భర్త మార్చాడు. స్తంభంగారు పెట్టెలో టీచరు కంప్యూటరుకి ముందు దారి ఇచ్చి, మిగతావాటికి హద్దు పెట్టారు. ఆ సదుపాయం పెట్టెలో మొదట్నుంచీ ఉంది. ఆరున్నరకి టీచరు బయటికి వచ్చింది. లైను తెగిన మొదటి ఐదు నిమిషాలూ పర్యవేక్షకురాలు రాసుకుందట. అయినా, సోమవారం నుంచి ఒక వారం చూసి చెబుతానందట.

ఆ వారమంతా ఆయన డ్యూటీ దిగాక వచ్చి ఆ మూల కుర్చీలో కూర్చున్నారు. లైను ఒక్కసారీ తెగలేదు. క్లాసు టీచరుకే ఉంచారు.

మర్నాడు ఆయన ఆఫీసులో మేనేజరు ముందు నిలబడి డ్యూటీ మార్చమన్నారు. ఫిర్యాదు ఏ వేళదైతే ఆ వేళకే వెళ్లాలన్నారు. "సాయంత్రం డ్యూటీ ఎవరూ కావాలని అడగరు గురువుగారూ, ఇంట్లో ఆవిడకి చెప్పారా?" అని మేనేజరు నవ్వాడు. చెప్పలేదు. ఆ సంగతి ఇంట్లో వేరే కథ.

ఇప్పుడు స్తంభంగారి డ్యూటీ మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి తొమ్మిదిదాకా. సంచి మంచం మీద పరిచే పని మాత్రం పొద్దున్నే, అలాగే ఉంది.