పసుపు పుట్టిన దేశం

నిన్న ఈ గల్ఫ్ ఊళ్ళో, ఫహాహీల్ బజారులో, కిరాణా కొట్టువాడు పసుపు సంచీ విప్పాడు. ఘాటు ముక్కుకు తగలగానే రాజన్న గుర్తొచ్చాడు, ఆయన వెంటే నా పాత కుళ్ళూ లేచొచ్చింది. ఇన్నేళ్ళయినా నాకు సిగ్గు లేదు.

మిర్కాబ్‌లో, ఓడ సరుకులకు కస్టమ్స్ కాగితాలు తయారుచేసే ఆఫీసులో ఇద్దరం పనిచేసేవాళ్ళం. నాది కడప. ఎం.కాం.లో అంతర్జాతీయ వాణిజ్యం చదివాను, దేశాలు సుంకాలు తగ్గించుకునే ఒప్పందాలన్నీ నోటికి వచ్చు. రాజన్నది ఆర్మూరు పక్క పల్లె. పదో తరగతి తప్పి, రేవులో బస్తాలు మోయడానికి వచ్చినవాడు. మోస్తూ మోస్తూనే వాటి వెంట వచ్చే కాగితాలు చదవడం నేర్చాడు. మేనేజరుకు ఏ సందేహం వచ్చినా నా బల్ల దాటుకుని ఆయన దగ్గరికే వెళ్ళేవాడు. ఏం చూసి మురిసిపోయేవాడో!

ఒకసారి దుబాయ్ నుంచి పసుపు పొడి వచ్చింది. గల్ఫ్ దేశాలు తమ దగ్గర తయారైన సరుకుకు తమలో తాము సుంకం వేసుకోవు. పొట్లాల మీద దుబాయ్ పేరు చూసి, పుట్టిన దేశం అన్న గడిలో ఎమిరేట్స్ అని రాశాను. రాజన్న నమూనా పొట్లం విప్పి వాసన చూశాడు.

"తమ్మీ, ఇది మా దిక్కు పసుపు. ఆడ పొట్లం గట్టిన్రు, గంతే. గంత మాత్రానికి పుట్టిన దేశం మారుతదా? ఇండియా అని రాయి."

"ఒప్పందాలు చదివినోన్ని నేనన్నా. నాకు నేర్పాల్సిన పన్లేదు."

ఆయన చెప్పిందే నిజమని నాకు తెలుసు. పరీక్షలో ఆ నిబంధన మీదే పేజీలు నింపాను. అయినా దిద్దితే ఓడిపోయినట్టేనని అలాగే పంపాను. కస్టమ్స్ వాళ్ళు తప్పు పట్టుకుని సరుకును రేవులో ఆపేశారు. గోదావరి జిల్లా మేనేజరు నా మీద విరుచుకుపడ్డాడు. "ఖలాస్! నీ ఇఖామా ఇంక రెన్యూ చెయ్యను. ఇంటికెళ్ళిపో." ఇఖామా పోతే ఉద్యోగంతోపాటు ఈ దేశంలో ఉండే హక్కే పోతుంది.

రాజన్న కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట లేకుండా సవరణ పత్రం నా చేతే రాయించాడు. తర్వాత మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

"సార్, వచ్చే ఏడు నేను ఇంటికి వోతున్న గదా. నా సీటు ఈ పిలగానికే ఇయ్యున్రి. నా కంటె ఎక్కువ చదివిండు."

తలుపు బయట నుంచి ఆ మాట విన్నప్పుడు కృతజ్ఞత కలగలేదు. మంచితనంలోనూ నన్ను మించిపోయాడే అని ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆ సీట్లో నేనే ఉన్నాను. పని ఎవరు నేర్పారని కొత్తవాళ్ళు అడిగితే ఆయన పేరే చెబుతాను, ఆ మాత్రం మారాను. కానీ ఆ తప్పు ఆయన చేసి ఉంటే, ఆయన కోసం నేను ఆ గదిలోకి వెళ్ళేవాణ్ణి కాదు.