చెప్పకుండా మింగిన పులి

కొడకండ్ల అవతలి తండాలో జాల్యా చెప్పే మాటల్లో నిజం ఒక్కటే ఉండేది. పులిమేక ఆటలో అతన్ని ఓడించినవాడు లేడు. మిగతావన్నీ ఆ ఒక్క నిజానికి కట్టేసిన అబద్ధాలు.

మూడో తరగతిలో బడి ఎందుకు మానేశావని అడిగితే, మానేసింది తను కాదు, సారు అంటాడు. సారు అడిగిన లెక్కకు తను చెప్పిన జవాబు విని, ఇంతకంటే తను నేర్పేదేమీ లేదని ఆయనే సంచీ సర్దుకొని బచ్చన్నపేట బస్సెక్కాడట. బావులు తవ్వే పనికి పోయిన రోజుల్లో ఒక్క గడ్డపార దెబ్బకు నీళ్లు ఎంత జోరుగా వచ్చాయంటే, తను నీళ్లతోపాటే పైకి వచ్చి గట్టున నిలబడ్డాడట. పుణెలో రోడ్డు పనికి పోయినప్పుడు వేసిన రోడ్డు సంగతి అయితే ఇక్కడ రాయడానికి చోటు చాలదు. గూడూరు అడవిలో నిజం పులి ఎదురైతే, ఇసుకలో గీతలు గీసి దాన్ని కూర్చోబెట్టి మూడు ఆటలు ఆడాడు. మూడూ ఓడిన పులి సిగ్గుతో ఆంధ్రా వైపు వెళ్లిపోయింది.

"అబద్ధాలకు పుట్టిండు గని, పులిమేకల మాత్రం మొనగాడే" అని విన్నవాళ్లు చివర్లో అనేవాళ్లు. ఆ చివరి మాట కోసమే జాల్యా బతికాడంటే తప్పులేదు. రెండెకరాల పత్తి చేను, నాలుగేళ్ల కింద పోయిన భార్య గంగి జ్ఞాపకం, భూపాలపల్లిలో బొగ్గుబావి కార్మికుడికి ఇచ్చిన కూతురు రాజీ. ఇవి పోను అతని చేతిలో మిగిలింది ఆ పేరొక్కటే.

ఆట తెలియనివాళ్లు లేరు గానీ, ఒకవేళ ఉంటే వాళ్లకోసం. బండ మీద గీతలు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక చచ్చినట్టు. ఆరు మేకలు చస్తే పులివాడిది గెలుపు, మేకలన్నీ కలిసి పులులను కదలకుండా చేస్తే మేకలవాడిది. ఆ చుట్టుపక్కల దీనికొక కట్టుబాటు ఉంది. పులివాడు మేకను తీసే ముందు "మింగిన" అని గట్టిగా చెప్పాలి. చెప్పకుండా తీస్తే ఆ మేక మళ్లీ బండెక్కుతుంది. చెప్పి, తీరా చూస్తే మింగడానికి మేక లేకపోతే పులి వంతు పోతుంది. తాతల నాటి నుంచి పులులు అక్కడ చెప్పే మింగుతున్నాయి.

జాల్యా ఎప్పుడూ మేకలే పట్టేవాడు. నోరు మాత్రం ఆగేది కాదు. అవతలివాడు పులి మీద వేలు పెట్టేసరికి ఇతను బావిలోంచి పైకి ఎగిరి వచ్చిన చోట ఉండేవాడు. వాడు నవ్వేవాడు, లేదంటే "జర అబద్ధం తగ్గియ్యన్నా" అని తగువుకు దిగేవాడు. ఆ లోపల మేకలు చుట్టూ మూగేవి. తను గెలిచేది బుర్రతోనే అని జాల్యా నమ్మకం. మిగతావాళ్ల నమ్మకమూ అదే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బొగ్గుబావులు ఆగిపోయాక అల్లుడు హరిలాల్ రాజీని తీసుకొని తండాకు వచ్చాడు. బస్సులు లేవు. తోటివాడి మోటారు సైకిలు అడుక్కొని వచ్చాడు. జేబులో ఒక చైనా ఫోను ఉంది, దాని పక్కన గుచ్చిన చిన్న ప్లాస్టిక్ పుల్ల. తోటివాడి తమ్ముడు ఇంజనీరింగు చదువుతూ పులిమేకను ఫోనులోకి ఎక్కించాడట. మామకు చూపించాలని హరిలాల్ దారి పొడవునా ఉబలాటపడ్డాడు.

మధ్యాహ్నం రేకుల పందిరి కింద మామ చేతిలో ఫోను పెట్టాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీలోనే, మనం తెలుగులో విందాం.

జాల్యా ఫోనును దగ్గర పెట్టుకొని చూశాడు, దూరం పెట్టి చూశాడు. అగ్గిపెట్టెకు కొంచెం పెద్దదైన అద్దంలో గీతలున్నాయి. మూడు పులులకు మీసాలున్నాయి. మేకలకు గడ్డాలున్నాయి. పుల్లతో ఒక మేకను పెడితే అది "మే" అని అరిచింది. జాల్యా ఉలిక్కిపడి ఫోనును మంచం మీద పడేశాడు.

"బండ ఏది?" అన్నాడు.

"గదే బండ, మామా."

"అవతల ఎవలు కూసున్నరు?"

"ఎవ్వలు లేరు."

"ఎవ్వలు లేకుంటె పులిని ఎవలు జరిపిన్రు? ఇప్పుడే జరిగింది, నా కండ్లతోని చూసిన."

"అదే జరుపుకుంటది."

జాల్యా ఫోనును తిరగేసి వెనక చూశాడు. వెనక బ్యాటరీ మూత ఉంది. అల్లుడి ముఖం చూశాడు. ఇతను తన పద్ధతిలో తననే ఆటపట్టిస్తున్నాడేమో అనిపించింది.

"భూపాలపల్లిల మీ దోస్తు ఆడుతున్నడు. నీ ఫోన్ల నుంచి. గంతే గద?"

"కాదు మామా. సిమ్ము తీసేసినా ఆడుతది."

సిమ్ము తీసి చూపించాడు. పులి మళ్లీ జరిగింది. జాల్యా నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు. ఆపైన సర్దుకొని, ఎవరైతేనేం, ఆట ఆటే అనుకొని పందిరి గుంజకు ఆనుకున్నాడు. అలవాటు ప్రకారం ఫోనుకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"గూడూరు అడివిల ఒకపారి ఏమైందంటె..."

పులి మేకను మింగింది.

"ఏయ్! చెప్పలే!" జాల్యా లేచి నిలబడ్డాడు. "చెప్పకుంట మింగింది! పెట్టు, మేకను మల్ల పెట్టు!"

"పెట్టరాదు మామా."

"ఎట్ల రాదు? దానికి చెప్పు, మన దిక్కు గిట్ల నడువదని."

"దానికి ఇనపడదు."

జాల్యా కూర్చున్నాడు. బావి కథ చెప్పాడు. ఫోను నవ్వలేదు, రెండు మేకలు మింగింది. పుణె రోడ్డు కథ చెప్పాడు. అది తగువుకు రాలేదు, ఇంకో మూడు మింగింది. చివర్లో పులి గాండ్రించింది, అద్దం మీద రంగు నక్షత్రాలు పడ్డాయి. మళ్లీ ఆడాడు. మళ్లీ గాండ్రింపు. మూడోసారి కూడా.

లోపల రాజీ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది.

"బాపూ, ఓడినవా?"

"ఓడుడు కాదు బిడ్డా. సమజ్ కాలే. ఎదురుంగ మొఖమే లేదు. మొఖం లేనోనితోని ఎట్లాడుతం?" ఇద్దరి వైపూ వేలు చూపించాడు. "గీ సంగతి గడప దాటొద్దు."

ఓడిన సంగతి దాటలేదు గానీ ఫోను సంగతి దాటింది. కొడకండ్ల చౌరస్తాలో రిలే దీక్షల డేరా ఉంది. సాయంత్రం అక్కడికి పోయిన హరిలాల్ ఫోను తీసి నలుగురికి చూపించాడు. ఆ నలుగురిలో గట్టయ్య ఉన్నాడు. గట్టయ్యది కొడకండ్లే, చిన్న రైతు. ఇరవై ఏళ్లుగా జాల్యా చేతిలో ఓడుతున్నాడు. ఓడిన ప్రతిసారీ ఈ అబద్ధాలకోరుకు ఈ ఒక్కటి ఎట్లా నిజమైందని తల గోక్కుంటూ ఇంటికి పోయేవాడు.

"రేపు డేరాల పెడుదాం" అన్నాడు. "ఫోను పులి, జాల్యా మేక. అందరి ముంగట. ఓడిండంటె, ఆయిన ముచ్చట్లన్ని ఒక్కనాడే పాయె."

కబురు తండాకు వచ్చింది. పోనంటే ఓడినట్టే. పోతే ఏమవుతుందో మధ్యాహ్నమే మూడుసార్లు తెలిసింది. ఆ పేరొకటి పోతే ఇక బావి, రోడ్డు, పులి అన్నీ ఉత్త అబద్ధాలే. వాటిని వినేవాడెవడు?

మర్నాడు డేరా నిండింది. వంటావార్పు కోసం వచ్చిన ఆడవాళ్లు పొయ్యిల దగ్గర గరిటెలు వదిలి వచ్చారు. ఫోను చిన్నది, ఒకరి తల పెడితే ఇంకొకరికి కనిపించదు. అందుకు గట్టయ్యే ఉపాయం చెప్పాడు. డేరాలో ఉన్న షాబాదు బండ మీద సుద్దముక్కతో గీతలు గీశారు. ఇటుక ముక్కలు పులులు, తెల్ల గులకరాళ్లు మేకలు. జాల్యా బండ మీద మేక పెడితే హరిలాల్ అదే మేకను ఫోనులో పెడతాడు. ఫోను పులి ఎటు జరిగితే అటు గట్టయ్య బండ మీద ఇటుకను జరుపుతాడు.

"నేను పులి చెయ్యి మాత్రమే" అన్నాడు గట్టయ్య ఛాతీ విరిచి. "బుర్ర ఫోనుది."

"నీ బుర్ర కన్న అదే నయం గట్టన్నా" అని ఎవరో అన్నారు.

మొదటి నాలుగు మేకలూ జాల్యా ఒక్క మాట లేకుండా పెట్టాడు. డేరాలో గుసగుసలు మొదలయ్యాయి.

"ఏంది జాల్యా, నువ్వు గూడ మౌనదీక్షల కూసున్నవా?" అంది పొయ్యి దగ్గరి నుంచి వచ్చిన దుర్గమ్మ.

అందరూ నవ్వారు. ఎదురుగా ఈసారి ముఖం ఉంది. చెమట పట్టిన గట్టయ్య ముఖం. ఆ ముఖం చూడగానే జాల్యా నోరు దానంతటది తెరుచుకుంది.

"మౌనమెక్కడిది దుర్గమ్మక్కా. డోర్నకల్ల రైలురోకో యాదికొచ్చింది. వేలమంది పట్టాల మీద కూసున్నరు, గూడ్సు ఆగుతలేదు. నేను గప్పుడే బీడీ ముట్టిచ్చిన. డ్రైవరు పొగ చూసి, ముంగట ఇంకో ఇంజిను వస్తుందనుకొని, బండిని ఎనుకకు తోలుకపోయిండు. ఖమ్మం దాక!"

"థూ!" అన్నాడు గట్టయ్య. "నాడు నేను గూడ ఉన్న. నువ్వు రానేలేదు. నీకు జరం."

"జరంతోనే బీడీకి గంత పొగ వచ్చింది."

డేరా గొల్లుమంది. హరిలాల్ నవ్వుతూనే "ఎడమ దిక్కు మూల, ఒక్కటి కిందికి" అని చెప్పాడు. గట్టయ్య జాల్యా మీద కోపంతో తనకెదురుగా కూర్చున్నవాడి ఎడమకు ఇటుకను జరిపాడు. అది హరిలాల్ ఎడమ కాదు. ఎవరూ చూడలేదు. చూసిందల్లా జాల్యా ఒక్కడే, అతనికీ అది తప్పని తెలియదు. ఫోను పులి ఇంత పిచ్చిగా ఎందుకు జరిగిందా అనుకున్నాడంతే.

ఆ తర్వాత జరిగింది ఎవరికీ సరిగా అర్థం కాలేదు. ఫోనులో ఒక ఆట నడిచింది, బండ మీద ఇంకొకటి నడిచింది. జాల్యా గూడ్సును ఖమ్మం నుంచి బెజవాడ దాకా తోలాడు. గట్టయ్య ప్రతి స్టేషనులోనూ అడ్డం తగిలాడు.

"మింగింది!" అన్నాడు హరిలాల్.

"మింగిన!" అని డేరా అదిరేలా అరిచాడు గట్టయ్య. వంగి చూశాడు. ఇటుక పక్కన మేక లేదు. "ఏ మేకను?"

"ఉన్నదాన్ని చెప్పు" అన్నాడు జాల్యా.

గట్టయ్య బండ వైపు చూశాడు. హరిలాల్ ఫోను వైపు చూశాడు. ఒకరినొకరు చూసుకున్నారు.

"చెప్పి మింగలేదు, పులి వంతు పాయె!" అని జనం అరిచారు. ఆ లెక్కన ఇంకో ఐదుసార్లు పులి వంతు పోయింది. పదిహేనో గులకరాయి పెట్టి రెండు మేకలు జరిపేసరికి బండ మీద మూడు ఇటుకలూ మూలల్లో ఇరుక్కున్నాయి. సరిగ్గా అప్పుడే హరిలాల్ చేతిలో ఫోను గాండ్రించింది. అద్దం మీద రంగు నక్షత్రాలు పడ్డాయి.

గాండ్రింపు విని జనం పులి ఏడ్చిందనుకున్నారు. "జై తెలంగాణ" అని ఒకరు అందుకున్నారు, డేరా అంతా అందుకుంది. జాల్యాను ఇద్దరు భుజాల మీదికి ఎత్తారు. అక్కడి నుంచి అతనికి ఫోను అద్దం స్పష్టంగా కనిపించింది. నిన్న మూడుసార్లు చూసిన నక్షత్రాలే.

"దించుండ్రి" అన్నాడు.

దించారు.

"నేను గెలువలే. గీ బండ మీద గెలిచింది గట్టన్నను. ఫోన్ల నేను ఓడిన. నిన్న ఇంటికాడ గూడ మూడుసార్లు ఓడిన."

డేరా విరగబడి నవ్వింది.

"ఫోను ఓడగొట్టిందట!"

"గీ అబద్ధం మాత్రం నమ్మం జాల్యా! ఇంకోటి చెప్పు!"

"నిజం. అల్లుణ్ణి అడుగుండ్రి."

హరిలాల్ నిజమేనన్నాడు. మామ నేర్పిన అల్లుడని ఇంకా నవ్వారు. జాల్యా గట్టయ్య చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వన్న నమ్ము గట్టన్నా. నీకు మంచిదే గద?"

గట్టయ్య చెయ్యి విడిపించుకున్నాడు. ముఖం ఎర్రగా ఉంది. "అంటె నన్ను గెలిచింది గెలుపే కాదా నీకు? ఇరవై ఏండ్ల సంది గెలుస్తివి, ఇయ్యాల లెక్కకు రాకపోతినా?" అని విసవిసా వెళ్లిపోయాడు.

జాల్యా అల్లుడితో తండా దారి పట్టాడు. పేరు పోలేదు. నిన్న ఎక్కడుందో అక్కడే ఉంది, ఇంకాస్త పెరిగింది కూడా. కానీ ఇప్పుడది కూడా మిగతావాటిలాంటిదే అయింది, ఆ సంగతి ఊరంతటిలో తనకొక్కడికే తెలుసు. పుట్టిన తర్వాత మొదటిసారి ఒట్టి నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఇదెక్కడి న్యాయమో అతనికి అంతుపట్టలేదు.

చేను గట్టు దగ్గర ఆగి అడిగాడు. "దానికి చెవులు లేవంటివి. గంతేనా?"

"లేవు మామా."

"నా మాటలు ఒక్కటి గూడ ఇనలే?"

"ఇనలే."

"మరి గట్టన్న?"

హరిలాల్ నవ్వాడు. "ఆయిన అన్నీ ఇన్నడు. నీతోని ఆడినోళ్లందరు ఇన్నరు."

ఇరవై ఏళ్ల ఆటలు ఒక్కొక్కటీ జాల్యా కళ్లముందు జరిగాయి. ప్రతిదానిలోనూ తన నోరు కనిపించింది. బుర్ర కోసం వెతికాడు. కొన్నిచోట్ల ఉన్నట్టే ఉంది, కొన్నిచోట్ల లేదు.

"సమ్మె ఎన్నొద్దులుంటది?"

"ఎవలకెరుక. ఖతమైతె పొద్దుగాలనే పోవాలె, ఫోను గూడ వస్తది నాతోని."

"అయితె ఇటు తే" అన్నాడు జాల్యా.

పొద్దు ఇంకా కుంకలేదు. పందిరి కింద కూర్చొని, పుల్ల చేత పట్టాడు. మొదటి మేకను పెట్టాడు. అది అరిచింది, అతను ఉలిక్కిపడలేదు. రెండోది. మూడోది. నోరు తెరవబోయి మూసుకున్నాడు. పులి జరిగినప్పుడల్లా అది ఎందుకు జరిగిందా అని చూశాడు. అలా చూడటం అతనికి కొత్త. కణతలు నొప్పి పుట్టాయి.

రాజీ రెండుసార్లు బయటికి వచ్చి చూసింది. తండ్రి ఇంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం ఆమె ఎరగదు. తల్లి పోయిన రోజు కూడా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు.

"బాపూ, పాణం మంచిగ లేదా? దవాఖానకు పోదమా?"

జాల్యా ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. పదో మేక పెట్టాడు. ఇంతవరకు ఒక్కటీ పోలేదు. పదకొండోది ఎక్కడ పెట్టాలో తెలియక, పుల్లను అద్దం మీద ఆనించకుండా అలాగే పట్టుకొని కూర్చున్నాడు.