గూట్లో టీ కూజా

దెయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. ముప్పయ్యేళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, ఎవరు చూశారు, ఎంత దూరంనుంచి చూశారు అని అడిగి నోరు మూయించేదాన్ని. ఇది మాత్రం నేనే చూశాను. చేత్తో ముట్టుకుని మరీ చూశాను.

నాకప్పుడు పదేళ్ళు. తెల్లదొరలు సామాన్లు అమ్ముకుని దేశం వదిలి వెళ్ళిపోతున్న రోజులు. చిత్తూరు కోర్టులో గుమాస్తాగా ఉన్న నాయన ఒక సాయంత్రం పింగాణీ టీ కూజా ఒకటి తెచ్చాడు. దాని పొట్ట చుట్టూ పిల్లల కథల బొమ్మలు. కుండలో గులకరాళ్ళు వేస్తున్న కాకి, నిద్రపోతున్న కుందేలు, దాన్ని దాటిపోతున్న తాబేలు, ద్రాక్షగుత్తుల కింద నక్క.

కంచూ ఇత్తడీ అయితే చింతపండు, బూడిద పెట్టి తోమితే శుద్ధి. పింగాణీకి ఎంగిలి పోదని అమ్మ దాన్ని వంటింటి గడప దాటనివ్వలేదు. వీధి కిటికీ పక్కన గూట్లో పెట్టించింది. మా ఇంట్లో అందరం కాఫీవాళ్ళమే. టీ ఆకు అన్నదే ఇంట్లో లేదు.

ఆ కూజా అంటే రంగమ్మత్తకు ప్రాణం. అత్త నాయనకు చెల్లెలు. పదహారేళ్ళకే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. మేం తప్ప ఆమెకు దిక్కు లేదు. రోజూ మధ్యాహ్నం కూజాను తిప్పుతూ నాకు కథలు చెప్పేది. ద్రాక్ష ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఆమె చెప్పే కథలో నక్క నేరేడుపళ్ళ కోసం ఎగిరేది. నిజం చెప్పాలంటే నాకు అమ్మకంటే అత్తే ఇష్టం.

ఒకరోజు దుమ్ము తుడవబోయిన అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. కూజా వెచ్చగా ఉంది. మూత తీస్తే సగందాకా టీ, పాలు లేకుండా ఎర్రగా.

ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు అలాగే జరిగింది. టీ ఇంట్లోది కాదు, కాబట్టి కిటికీలోంచి ఎవడో అందిస్తున్నాడు. అందుకునేది ఎవరు? వయసులో ఉన్న విధవ. అమ్మ అనుమానం అలా సాగింది. కిటికీ గట్టుమీదా గూట్లోనూ ముగ్గుపిండి చల్లింది. మర్నాడు పిండి చెదరలేదు, కూజా మాత్రం వెచ్చగా ఉంది. రంగమ్మ గడుసుదని తేల్చింది అమ్మ. పిండి చెదరకుండా ఎలా పోశారని నేనడిగితే వీపుమీద ఒకటిచ్చింది.

అత్త ఏడవలేదు. "టీ రుచి ఎట్లుంటాదో గూడా నాకు తెల్దు వదినా" అంది, అంతే.

అత్తను కాళహస్తిలో దూరపు బంధువుల ఇంట్లో వంటకు ఉంచేటట్టు మాట్లాడారు. నాయన రెండురోజులు సరిగా అన్నం తినలేదు. మూడోనాడు పొద్దున అత్తను బస్సెక్కించడానికి బయల్దేరుతూ, అమ్మతో ఒకే మాట అన్నాడు.

"రంగమ్మ ఈడ లేనప్పుడు గూడా అది యెచ్చగా ఉంటే, నేనే పోయి పిల్సుకొస్తా."

వాళ్ళు వెళ్ళాక అమ్మ వీధి తలుపు గడియ వేసి, కిటికీ మూసింది. ఇంట్లో మేమిద్దరమే. మధ్యాహ్నం, కథ చెప్పుకునే వేళకు, ఊరికే గూటి దగ్గరికి వెళ్ళి కూజా ముట్టుకున్నాను. చురుక్కుమంది. కొమ్ములోంచి సన్నగా ఆవిరి వస్తోంది.

అత్త వచ్చేస్తుందన్న సంతోషంలో అమ్మను కేకేశాను. అమ్మ వచ్చి అరచెయ్యి కూజాకు ఆనించింది. చాలాసేపు తియ్యలేదు. తీశాక చూస్తే చెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. దాన్ని కొంగులో దాచుకుని, "సల్లగానే ఉండాది" అంది. కూజాను పెరట్లోకి తీసుకెళ్ళి, టీ పారబోసి, చన్నీళ్ళతో కడిగి తెచ్చి మళ్ళీ గూట్లో పెట్టింది.

సాయంత్రం నాయన వచ్చి అమ్మను అడగలేదు, నన్నే అడిగాడు. "నువ్వు ముట్టి సూసినావామ్మా?"

అమ్మ నా వెనకే నిలబడి ఉంది. సల్లగానే ఉండాది నాయనా అన్నాను.

అత్త మళ్ళీ మా ఇంటికి రాలేదు. కాళహస్తిలోనే పోయింది. మూసిన ఇంట్లో ఆ టీ ఎవరు పోశారో ఇన్నేళ్ళుగా ఎన్ని విధాల ఆలోచించినా నాకు తేలలేదు. కూజా ఇప్పుడు నా దగ్గరే ఉంది. రోజూ మధ్యాహ్నం ఒకసారి ముట్టుకుని చూస్తాను. చల్లగానే ఉంటుంది.