డప్పు కాచిన మంట

తిరువూరు బస్టాండు దాటగానే ఊరేగింపు అడ్డం వచ్చి మా విజయవాడ బస్సు ఆగిపోయింది. డప్పుల మోతకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. నా వేళ్ళు వాటంతటవే ముందు సీటు కడ్డీ మీద దరువు వేస్తున్నాయి. పక్క సీటులో ఉన్న పెద్దాయన ఉన్నట్టుండి నా చేతిని గట్టిగా అదిమిపట్టాడు.

"ఆపండి సార్."

నాకు ఒళ్ళు మండింది. "ఏంటండీ ఇది?" అన్నాను.

"నేనూ డప్పు కొట్టేవాణ్ణే సార్. ఒకసారి దేవుడి పనని పిలిస్తే చాలా దూరం వెళ్ళాను. తీరా చూస్తే, వేరే దేవుణ్ణి మొక్కేవాళ్ళ ఇళ్ళు తగలబెడుతున్నారు. బయటికి పరిగెత్తినవాళ్ళని కత్తులతో నరుకుతున్నారు. అరుపులు వినపడకుండా నన్ను కొడుతూనే ఉండమన్నారు."

"కొట్టారా?"

"కొట్టాను. తెల్లారగట్ల మంచుకి తోలు వదులైపోయింది. మళ్ళీ బిగవాలంటే మంట దగ్గర కాచాలి కదా. ఎదురుగా ఇల్లు మండుతుంటే అక్కడే కాచుకున్నాను. డప్పు ఆగింది కాబట్టి అప్పుడు వినపడింది సార్. లోపల ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, పిల్లలు కూడా."

"మరి మీరేం చేశారు?"

"తోలు బిగిసింది. మళ్ళీ కొట్టాను."

ఏ దేవుడి కోసమని నేనడగలేదు. ఊరేగింపు పక్కకి తప్పుకుని బస్సు కదిలాకగానీ ఆయన నా చెయ్యి వదల్లేదు. మైలవరంలో దిగిపోయాడు.

ఇప్పటికీ ఏ ఊరేగింపు ఎదురైనా, డప్పు మోగుతున్నంతసేపూ నాకేమీ అనిపించదు. అది ఆగినప్పుడే భయమేస్తుంది.