మారెన్నకు నీళ్ళు పోసిందెవరు?

మారెన్నది దాహం కాదు, రోగం అనేవాళ్ళు గ్యాంగులో. వెల్దుర్తి స్టేషనుకు ఇవతల రైలుపట్టాల కింద కంకర కొట్టి సర్దే కూలీల్లో అతనొకడు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి మహాదేవమ్మ కలుపులు తీసి, రాళ్ళు మోసి పెంచింది. మీసం మొలిచీ మొలవకముందే గడ్డపార పట్టి లైనెక్కాడు. ఎండాకాలం పట్టా పెనంలా కాలుతుంటే తక్కినవాళ్ళు నాలుగు గుక్కలు తాగి చెంబు దించేవాళ్ళు. మారెన్న ఎత్తిన చెంబు ఖాళీ చేయకుండా దించితే ఒట్టు! అందుకే అతని పెళ్ళాం గిడ్డమ్మ, మధ్యాహ్నం రొట్టెలగంపతో పాటు నీళ్ళకుండ కూడా మోసుకుని లైను వెంబడి నడిచొచ్చేది.

"నీకు దొరికింది మొగుడు గాదమ్మే, దున్నపోతు" అని మేస్త్రీ ఎగతాళి చేసేవాడు.

"నా దున్నపోతుకు నేను తాపుకుంటా. నీకేం నొప్పి?" అనేది గిడ్డమ్మ.

ఇంతలో పెద్ద యుద్ధం వచ్చిపడింది. బర్మా వైపు పట్టాలు వేయాలి, పని తెలిసినవాళ్ళు కావాలి అని పట్టాళం వాళ్ళు గ్యాంగుల వెంట తిరిగారు. ఈ మహానుభావుడు ఇంట్లో ఒక్కమాట చెప్పకుండా పేరిచ్చి వచ్చాడు.

"ఈడ కొట్టే కంకరే ఆడ కొడతా. ఆ దిక్కు వానలు శానా అంట. నీళ్ళకు కరువే ఉండదు" అని పైగా నవ్వు!

గిడ్డమ్మ మూతి ముడుచుకుని ఓ మూల కూర్చుంది. బండెక్కే పొద్దు మాత్రం లేచి, స్టేషను దాకా వెంట నడిచి, రైలు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడింది.

యుద్ధం ముగిసే ఏడు తంతి వచ్చింది. బర్మాలో చనిపోయాడని తప్ప అందులో మరో ముక్క లేదు. మహాదేవమ్మ గుండెలు బాదుకుని ఏడ్చి ఏడ్చి, కొన్నాళ్ళకు తేరుకుంది. గిడ్డమ్మకు మాత్రం ఒకటే దిగులు పట్టుకుంది. పోయేటప్పుడు ఆ మనిషి నోట్లో ఎవరైనా నీళ్ళు పోశారా? దాహానికి రవ్వంతసేపు ఆగలేనివాడు, అడవిగాని అడవిలో గొంతెండి పోయాడా? ముద్ద కలుపుతున్నా అదే ఆలోచన, చెంబు ఎత్తినా అదే ఆలోచన. సెలవు మీద ఊరొచ్చిన ప్రతి సిపాయినీ అడిగేది.

"పిచ్చిదానా, అంతమందిలో నీ మొగుడు ఎవురికి తెలుస్తాడు?" అని అమ్మలక్కలు కసురుకునేవాళ్ళు.

యాభై రెండులో కరువొచ్చింది. ఊరి బావి అడుగంటింది. బావులు లోతు చేయమని సర్కారు పట్టాళాన్నే పంపింది. రాతికి మందు పెట్టి పేలుస్తున్నవాళ్ళలో ఆశీర్వాదం అనే హవల్దారుది మైదుకూరు దిక్కు. మన మాట మాట్లాడేవాడు దొరికాడని గిడ్డమ్మ ఉరుకున పోయి అడిగింది.

"ఏమప్పా, రైలుపని మారెన్న అని, బర్మాలో పోయినాడు. నీకేమన్నా ఎరుకనా?"

ఆశీర్వాదం ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "తెలీదమ్మా" అని అటు తిరిగి పనిలో పడ్డాడు.

బావిలో ఊట పడ్డ సాయంత్రం అతనే వెతుక్కుంటూ వచ్చి, గడపకు అల్లంత దూరాన నిలబడ్డాడు. మహాదేవమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మాలపేట మనుషులు నడిచిన దోవను నీళ్ళు చల్లుకుంటే గానీ తొక్కని మనిషి ఆమె.

"అబద్ధం చెప్పినా వదినా. మారెన్న, నేను ఒక్క గుడారంలో ఉంటిమి" అన్నాడు ఆశీర్వాదం.

"మరి తెలీదంటివి గదప్పా!"

"తెగిన పట్టా కలుపుతాంటే పైనుంచి బాంబు పడె. నా ఒళ్ళో పడుకోని నీళ్ళు, నీళ్ళు అనె. నా బుడ్డి తప్ప ఇంగోటి లేదు. 'అన్నా, నేను మాలపేటోన్ని, పొయ్యాల్నా?' అంటి. 'నీ తలకాయ! ముందు పొయ్యరా' అని తిట్టె. పోసినా. ఈ మాట చెప్తే ఆయప్ప సావు మైలపడిందని మీరు కుమిలిపోతారని, ఇన్నేండ్లు ఈ దిక్కు రాకపోతి."

మైల మాట గిడ్డమ్మ చెవికే ఎక్కలేదు. "కడుపునిండా తాగినాడా?"

"తాగినాడు వదినా. 'సల్లగుండాయిరా తమ్ముడా' అనె. ఆ వెంటనే పాణం ఇడిసె."

గిడ్డమ్మ అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మొగుడు పోయాడని కాదు, దాహంతో పోలేదని. ఇన్నేళ్ళకు ఆమె గుండె కుదుటపడింది.

అంతలోనే అత్త లేచి విసవిసా లోపలికి పోవడం చూసి బెదిరిపోయింది. ముసలిది ఏం శాపనార్థాలు పెడుతుందో, ఈ మంచి మనిషిని ఏం తిట్టి తరుముతుందో!

మహాదేవమ్మ బింద చంకన పెట్టుకుని బయటికొచ్చింది. తన మంచినీళ్ళ బింద అది. నడిచిపోయి ఆశీర్వాదం ముందు దించింది.

"అమ్మా, నేను ముట్టగూడదు..."

"నోరు ముయ్యప్పా!" అంటూ ముసలామె అతని ఎదుట నేల మీద చతికిలబడి దోసిలి పట్టింది. "నేను సచ్చేటప్పుడు నా నోట్లో నీళ్ళు పొయ్యాల్సినోడు నా కొడుకు. వాని నోట్లో నువ్వు పోస్తివి. ఇంగ నాకు పోసేదానికి నువ్వు గాకుంటే ఎవురుండారు? పొయ్యి నాయనా."

ఆశీర్వాదం బింద వంచాడు. ముసలామె తాగింది. గిడ్డమ్మ కళ్ళు తుడుచుకుని, అత్త పక్కన కూర్చుని తనూ దోసిలి పట్టింది.